వెర్మీర్ చిత్రానికి నకలు వేస్తూ తైలవర్ణాలలో వాస్తవిక చిత్రణ నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న: గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. పెన్సిలు, బొగ్గు పనిలో నాకు కొంత సాధన ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి పోలిక పట్టుకోగలను. తైలవర్ణాలతో మాత్రం పరిచయం ఈమధ్యనే మొదలైంది. ఆ పద్ధతిని దగ్గరుండి నేర్పేవారు నాకు అందుబాటులో లేనందువల్ల, ఒక గొప్ప చిత్రాన్ని ఎంచుకుని, దానికి శ్రద్ధగా నకలు వేస్తూ నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. డచ్చి చిత్రకారుడు యొహానెస్ వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు చెవిపోగు ధరించిన అమ్మాయి’ని ఎంచుకున్నాను. అసలు చిత్రం నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. దాని కొలత దాదాపు 44.5 × 39 సెంటీమీటర్లే కాబట్టి అదే కొలతకు కాన్వాసు బిగించి, తెల్లని ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పూసి సిద్ధంగా ఉంచుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను. రేఖాచిత్రాన్ని గళ్ళు గీసి దింపుకోవచ్చునా, లేక కంటి అంచనాతోనే వేయడం మేలా? నేరుగా రంగులతో మొదలుపెట్టాలా, లేక కింద ఒకే వన్నెలో వెలుగునీడలు వేసుకుని ఆ తరువాత రంగులకు వెళ్ళాలా? ఇంటర్నెట్‌లో దొరికే ఈ చిత్రపు ఫొటోలలో ఒక్కోదానిలో ఒక్కో రంగు కనిపిస్తోంది, దేనిని నమ్మాలి? వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. చిన్నప్పుడు నాకు బొమ్మలు నేర్పిన మాస్టారు, ఇంకొకరి చిత్రానికి నకలు వేసేవాడి చూపు క్రమంగా మొద్దుబారుతుందని గట్టిగా చెప్పేవారు. ఆయన మాట మీద నాకు గౌరవం ఉంది. అనుభవజ్ఞులు దీని గురించి ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

జవాబు: తైలవర్ణం (విశాఖపట్నం)

గౌతమీతీరం గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి వచ్చే జవాబును బట్టే మిగిలినవన్నీ తేలుతాయి.

మీ మాస్టారు చెప్పినదానిలో నిజం ఉంది. చిత్రం పైపొరను మాత్రమే చూస్తూ, ఈ చోట ఈ రంగు, ఆ చోట ఆ రంగు అని అతికించుకుంటూ పోయేవారికి ఓపిక పెరుగుతుందే తప్ప చూపు పెరగదు. అయితే చిత్రకారుడు ఏ పొర మీద ఏ పొర వేశాడు, ఏ అంచును కరిగించాడు, దేనికి పదును పెట్టాడు, ఎక్కడ వివరాన్ని కావాలనే వదిలేశాడు అన్న నిర్ణయాలను వెతుకుతూ, అదే క్రమంలో మన చేతితో వాటిని మళ్ళీ తీసుకున్నప్పుడు నకలు నిజమైన పాఠమవుతుంది. ఇది పసివాళ్ళ పని అనుకోవద్దు. రూబెన్స్ 1628లో మాడ్రిడ్ చేరేనాటికి ఐరోపా అంతటా పేరుమోసిన చిత్రకారుడు, వయసు యాభై దాటింది. అక్కడి రాజసేకరణలో ఉన్న ఇటలీ చిత్రకారుడు టిషియన్ చిత్రాల ముందు నిలబడి ఆయన వాటికి నకళ్ళు వేశాడు. టిషియన్ వేసిన ‘ఆదాము, హవ్వ’, దానికి రూబెన్స్ వేసిన నకలు రెండూ నేడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. నకలులో ఆదాము శరీరపు వంపు మారింది, కొమ్మ మీదకు ఒక చిలుక వచ్చి చేరింది. చూపు మొద్దుబారినవాడు చేసే మార్పులు కావవి.

మీరు ఎంచుకున్న చిత్రంలో మరొక సౌకర్యం ఉంది. దానిని వెర్మీర్ ఏ క్రమంలో వేశాడో నేడు చాలావరకు తెలుసు. 2018లో మౌరిట్స్‌హౌస్‌లోనే, సందర్శకులు చూస్తుండగా, శాస్త్రజ్ఞులు ఈ చిత్రాన్ని అనేక విధాల పరికరాలతో పరీక్షించారు. వెర్మీర్ మొదట గోధుమ, నలుపు వన్నెలలో వెలుగునీడల స్థూలరూపం వేసుకున్నాడనీ, తరువాత వెనుకభాగం నుండి ముందుకు వచ్చాడనీ వారు తేల్చారు. వెనుకభాగం, ముఖం పూర్తయ్యాక పసుపు వన్నె చొక్కా, ఆపైన తెల్లని కాలరు, తలగుడ్డ, చిట్టచివర ముత్యం. మధ్యలో చెవి చోటునూ, తలగుడ్డ పైభాగాన్నీ, మెడ వెనుక గీతనూ ఆయన సవరించుకున్నాడని కూడా తెలిసింది. అంత తేటగా కనిపించే చిత్రం కూడా మొదటి వేటుకే కుదిరినది కాదని తెలుసుకోవడం నేర్చుకునేవారికి ఎంతో అవసరం.

అందువల్ల మీ రెండవ ప్రశ్నకు నా జవాబు స్పష్టం: కింది పొరతోనే మొదలుపెట్టండి. తెల్లని కాన్వాసు మీద ఏ వన్నె వేసినా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి, ముందుగా టర్పెంటైన్‌తో పలుచన చేసిన బూడిద-గోధుమ వన్నెను కాన్వాసంతటా పూసి ఆరనివ్వండి. ఆ మీదట బర్న్‌ట్ అంబర్‌ (ముదురు గోధుమ రంగు)లో కొద్దిగా ఐవరీ బ్లాక్ (నలుపు) కలిపి, నీడలను మాత్రమే పెద్ద పెద్ద భాగాలుగా వేయండి. వెలుగు ఉండవలసిన చోట గుడ్డతో తుడిచి కింది వన్నెను బయటికి రప్పించండి. ఈ దశలో కనురెప్పలు, పెదవి గీత వంటివాటి జోలికి వెళ్ళవద్దు. కళ్ళు సగం మూసి చూసినప్పుడు నకలూ అసలూ ఒకే నీడల పటంగా కనిపించేంతవరకు రంగు ముట్టుకోకండి. నా అభిప్రాయంలో మొత్తం పాఠంలో సగం ఇక్కడే ఉంది, సాధారణంగా అందరూ తొందరపడి దాటేసే దశ కూడా ఇదే.

ఆరుదల గురించి ఒక మాట చెప్పాలి. తైలవర్ణం నీటిరంగులా ఆవిరై ఆరేది కాదు. అందులోని నూనె గాలిలోని ఆమ్లజనిని గ్రహించి గట్టిపడుతుంది. అంబర్‌లో మాంగనీసు ఉండటం వల్ల అది త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ చాలా నెమ్మదిగా ఆరుతుంది. కాబట్టి కింది పొరలో నలుపు తక్కువగా, అంబర్ ఎక్కువగా ఉండాలి. కింది పొరలకు టర్పెంటైన్, పైకి పోయేకొద్దీ లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పాలు పెంచుతూ వెళ్ళాలి. ఇది తారుమారైతే పైపొర ముందు బిగుసుకుని, కింది పొర ఇంకా కదులుతూ ఉండటం వల్ల కొంతకాలానికి చిత్రం బీటలు వారుతుంది. పని చేసే గదిలో గాలి ఆడేలా కిటికీలు తెరిచి ఉంచుకోండి.

ఇక ముఖం. ఈ చిత్రంలో ముక్కు దూలానికీ, దాని పక్కనున్న చెంపకూ మధ్య గీత లేదు. రెండూ ఒకే వెలుగులో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బొగ్గు పనికి అలవాటుపడిన మీ చేయి అక్కడ ఒక గీత గీయాలని తప్పకుండా కోరుకుంటుంది. గీయకండి. ముక్కు ఉన్నదని మనకు తెలిసిన విషయాన్ని పక్కన పెట్టి, కంటికి కనిపించే వన్నెను మాత్రమే వేయడమే వాస్తవిక చిత్రణకు ప్రాణం. ఆ శిక్షణకు ఇంతకంటే మంచి అంగుళం మరొక చిత్రంలో నాకు కనిపించలేదు. వెర్మీర్ వాడిన సీసపు తెలుపు విషపూరితం కాబట్టి మనం టైటానియం వైట్ వాడతాం. అయితే అది మరింత చిక్కగా, చల్లగా ఉండి చర్మాన్ని సున్నం కొట్టినట్లు చేస్తుంది. ప్రతి వెలుగు వన్నెలోనూ రవ్వంత ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), అంతకంటే తక్కువ వర్మిలియన్ (ఎరుపు) కలిపితే ఆ దోషం చాలావరకు పోతుంది. తలగుడ్డ నీలానికి ఆయన ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతం నుండి వచ్చే లాపిస్ లాజులి రాయి నూరి తీసిన అల్ట్రామెరీన్ వాడాడు. మనకు ట్యూబులో దొరికే కృత్రిమ అల్ట్రామెరీన్‌లో రంగునిచ్చే పదార్థం అదే కాబట్టి అక్కడ చింత లేదు.

ముత్యాన్ని చివరిదాకా ముట్టుకోవద్దని మనవి. ఆ ముత్యానికి చుట్టుగీత లేదు, చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. పైన ఎడమవైపు ఒక చిక్కని తెల్లని మెరుపు, అడుగున కాలరు తెలుపు ప్రతిఫలించిన ఒక మెత్తని పలుచని పూత, అంతే. మిగిలినదంతా మెడ మీది నీడను చూసి మన కన్ను పూరించుకుంటుంది. పాత ముద్రణలలో ఆ ముత్యం మీద మరొక చిన్న మెరుపు కనిపించవచ్చు. అది వెర్మీర్ వేసినది కాదనీ, ఊడి అతుక్కున్న రంగు పెళ్ళ అనీ 1994 నాటి మరమ్మతులో గుర్తించి తొలగించారు. అదే మరమ్మతులో పెదవి చివర ఒక చిన్న గులాబీ చుక్క బయటపడింది. ఏ ఫొటోను నమ్మాలన్న మీ ప్రశ్నకు ఇందులోనే కొంత జవాబు ఉంది: 1994కు ముందు ముద్రించిన బొమ్మలను పక్కన పెట్టి, మౌరిట్స్‌హౌస్ వారే తమ వెబ్‌సైటులో ఉంచిన పెద్ద ఫొటోను తీసుకోండి.

ఆ ఫొటోను ఫోను తెరమీద చూస్తూ రంగులు కలపడం మంచిది కాదు. తెర తానే వెలుగుతుంది, కాన్వాసు వెలుగును తిప్పికొడుతుంది. ఈ రెండింటినీ పోల్చినప్పుడు మీ రంగు ఎప్పుడూ మురికిగానే తోస్తుంది. మంచి స్టూడియోలో మ్యాట్ కాగితం మీద అసలు కొలతకు ప్రింటు తీయించి, కాన్వాసు పక్కనే, అదే వెలుగు పడేలా నిలబెట్టండి. ప్రింటు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, కలిపిన రంగును ప్యాలెట్ నైఫ్‌తో దాని మీద రవ్వంత అద్ది చూస్తే, సరిపోయిందీ లేనిదీ వెంటనే తెలుస్తుంది.

గళ్ళ విషయంలో నాకు పట్టింపు లేదు. మీ అసలు లక్ష్యం తైలవర్ణమైనప్పుడు, రేఖల దగ్గరే శక్తినంతా ఖర్చు చేయనక్కరలేదు. అయితే సన్నని గళ్ళు వేయవద్దు. కాన్వాసును అడ్డంగా, నిలువుగా చెరి సగం చేసే రెండు గీతలు, రెండు మూలగీతలు చాలు. మిగతా దూరాలను కంటితో కొలిచి, అద్దంలో తిప్పి చూసుకుని సరిచేసుకోండి.

ఇంత చెప్పినా, అతి ముఖ్యమైనది నకలు ముగిసిన తరువాత చేయవలసిన పని. ఆ రంగులు ప్యాలెట్ మీద ఉండగానే ఇంట్లోవారిని ఎవరినైనా ఎడమవైపు నుండి కిటికీ వెలుగు పడేలా కూర్చోబెట్టి, వెనుక ముదురు గుడ్డ కట్టి, అదే క్రమంలో, అదే కొలతలో ఒక ముఖం వేయండి. మన చర్మపు వన్నెకు ఆ డచ్చి అమ్మాయికి కలిపిన రంగు సరిపోదు. తెలుపు తగ్గి, బర్న్‌ట్ సియెనా (ఎర్రని గోధుమ రంగు) పెరుగుతుంది, నీడలలో కొద్దిగా ఆకుపచ్చ కనిపిస్తుంది. కానీ అంచు కరిగించడం, నీడను ఒకే పెద్ద భాగంగా చూడటం, మెరుపును చివరిదాకా ఆపుకోవడం మారవు. నకలులో నేర్చుకున్నది జీవించి ఉన్న ముఖం మీద పనికివచ్చిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఈ రెండవ చిత్రం వేయకుండా వెంటనే మరొక నకలుకు దిగేవారిని ఉద్దేశించే మీ మాస్టారు ఆ మాట అని ఉంటారని నేను భావిస్తున్నాను.

జవాబు: బొగ్గుగీత (వరంగల్)

తైలవర్ణం గారు చెప్పిన క్రమంతో నాకు పేచీ లేదు, కానీ మొదటి నకలుగా మొత్తం చిత్రాన్ని తీసుకోవడం సరికాదని నా నమ్మకం. పంతొమ్మిదవ శతాబ్దపు పారిస్‌లో విద్యార్థుల కోసం షార్ల్ బార్గ్, జాన్ లియోన్ జెరోమ్ కలిసి 1866 నుండి 1871 వరకు రాతిముద్రణలో వెలువరించిన పాఠ్యపటాలను గమనించండి. అవి నకలు వేయడానికే తయారైనవి. ప్లాస్టర్ అచ్చుల నుండి కన్ను, చెవి, పాదం వంటి విడి భాగాలతో మొదలై, క్రమంగా పూర్తి శరీరానికి వెళతాయి. ప్రతి పటంలోనూ ముందు కొద్దిపాటి తిన్నని గీతలతో ఆకారాన్ని బంధించి, పక్కనే పూర్తయిన చిత్రాన్ని చూపుతారు. వాన్ గో తన తొలినాళ్ళలో ఈ పటాలను శ్రద్ధగా వేసుకున్నాడు. చివరి సంవత్సరాలలో ఫ్రెంచి చిత్రకారుడు మిలే చిత్రాలకు తనదైన రంగులలో నకళ్ళు వేసిన వాన్ గో కూడా ఆయనే. ఆ రెండవ రకం స్వేచ్ఛకు మొదటి రకం క్రమశిక్షణ అడ్డం కాలేదు.

కాబట్టి, గౌతమీతీరం గారూ, ఆ కాన్వాసును అలాగే ఉంచి, ముందు చిన్న బోర్డు మీద ఎడమ కన్ను, ముక్కు, నోటి మూల వరకు ఉన్న భాగాన్ని నలుపు తెలుపులలో మాత్రమే వేయండి. తరువాత మరొక బోర్డు మీద ముత్యం, దాని వెనుక మెడ నీడ. ఈ రెండూ కుదిరినప్పుడు పెద్ద చిత్రం ఎంతో తేలికగా నడుస్తుంది. వెలుగునీడల తేడాలు కంటికి చిక్కకముందే రంగుల్లోకి దిగినవారు, రంగు సరిపోలేదని బాధపడే ప్రతిసారీ వాస్తవంలో సరిపోనిది వెలుగు మోతాదు.

ఒక విషయంలో మాత్రం తైలవర్ణం గారితో విభేదిస్తాను. గళ్ళు వద్దు, నాలుగు గీతలు కూడా వద్దు. పోలిక పట్టగలనని మీరే రాశారు. ఆ శక్తిని వాడకపోతే అది సన్నగిల్లుతుంది.

జవాబు: చిత్రశాల (హైదరాబాద్)

ప్రింటు ఎంత మంచిదైనా అందులో పొరల మందం కనిపించదు. తైలవర్ణపు పలుచని పూత, అంటే గ్లేజ్, కింది వన్నెను ఎలా వెలిగిస్తుందో, వెలుగు భాగాలలో రంగు ఎంత గట్టిగా నిలబడుతుందో తెలియాలంటే, ఏదో ఒక అసలు తైలవర్ణ చిత్రం ముందు, వెలుగు పక్కనుండి పడేలా నిలబడి చూడవలసిందే. హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా చిత్రాల గదులలో తీరుబడిగా గడపండి. అక్కడ వెర్మీర్ లేకపోయినా, పద్ధతిని చూడటానికి వాస్తవిక తైలవర్ణాలు చాలా ఉన్నాయి. మీ ఊరిలోనే ఉన్న దామెర్ల రామారావు చిత్రశాలనూ ఈ దృష్టితో మళ్ళీ చూడమని కోరుతున్నాను. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో శిక్షణ పొంది, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే కన్నుమూసిన ఆయన మనిషి శరీరాన్ని ఎంత శ్రద్ధగా పరిశీలించాడో ఆ రేఖాచిత్రాలు చెబుతాయి.

మన ప్రాంతంలో చాలామంది రాజా రవివర్మ బొమ్మలతోనే నకళ్ళు మొదలుపెడతారు కాబట్టి ఒక హెచ్చరిక అవసరమనిపిస్తోంది. మన ఇళ్ళ గోడలమీదికి వచ్చినవి 1894లో బొంబాయిలో నెలకొల్పిన ఆయన ముద్రణాలయం వంటి చోట్ల రాతిముద్రణలో తయారైన ఓలియోగ్రాఫులు (తైలవర్ణాన్ని తలపించే రంగు ముద్రణలు), వాటిని చూసి తరువాత వేసిన క్యాలెండర్లు. అంటే అవే నకళ్ళు. రవివర్మ తైలవర్ణంలో సాధించిన చర్మపు మృదుత్వం ఆ రాళ్ళ మీద కొన్ని విడి వన్నెలుగా విరిగిపోయింది. వాటినుండి కూర్పు, చీర మడతల పోకడ నేర్చుకోవచ్చు గాని, చర్మపు రంగు నేర్చుకోలేరు. ఆయన తైలవర్ణాల అసలు రూపాలు తిరువనంతపురంలోని రాజా రవివర్మ ఆర్ట్ గ్యాలరీలో, మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో, బరోడా లక్ష్మీవిలాస్ ప్యాలెస్‌లో ఉన్నాయి. రవివర్మకు కూడా తైలవర్ణం నేర్పే గురువు దొరకలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది. తిరువాంకూరు ఆస్థానానికి వచ్చిన థియోడర్ జెన్సెన్ పని చేస్తుండగా చూడటం, సొంతంగా ప్రయత్నించడం, వీటితోనే ఆయన ఆ విద్యను సాధించాడు.

జవాబు: న్యాయదృష్టి (విజయవాడ)

సంతకం, హక్కుల గురించి క్లుప్తంగా రాస్తున్నాను. భారతదేశంలో చిత్రాల మీద కాపీరైటు చిత్రకారుని జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు ఉంటుంది. వెర్మీర్ 1675లో, రవివర్మ 1906లో మరణించారు కాబట్టి వారి చిత్రాల విషయంలో ఆ అడ్డంకి లేదు. వడ్డాది పాపయ్య గారు 1992లో, బాపు గారు 2014లో కాలం చేశారు గనుక వారి బొమ్మలు ఇంకా హక్కుల పరిధిలోనే ఉన్నాయి. ఇంట్లో సాధన కోసం వేసుకోవడం వేరు, అమ్మడం వేరు. పాత చిత్రమైనా సరే, నకలు ముందువైపు అసలు చిత్రకారుని సంతకం వేయకండి. కాన్వాసు వెనుక ‘వెర్మీర్ చిత్రానికి నకలు’ అని, మీ పేరు, సంవత్సరం చెరగని సిరాతో రాయండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అనుమతి పొంది నకళ్ళు వేసేవారు అసలు కొలతకు వేయకూడదన్న నియమం కూడా ఈ జాగ్రత్త కోసమే. మీరు అసలు కొలతనే తీసుకున్నారు కాబట్టి వెనుక రాత మరింత అవసరం. వెర్మీర్ పేరుతో నకిలీ చిత్రాలు వేసి అమ్మిన హాన్ వాన్ మేగెరెన్‌కు 1947లో శిక్ష పడింది. నకలుకూ నకిలీకీ మధ్య ఉన్న హద్దు ఆ వెనుక రాతే.

గౌతమీతీరం

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. బొగ్గుగీత గారు చెప్పినట్లు ముందు కన్ను-ముక్కు భాగాన్ని నలుపు తెలుపులలో వేస్తాను, రేఖలను గళ్ళు లేకుండానే ప్రయత్నిస్తాను. తైలవర్ణం గారికి ఒక అనుబంధ ప్రశ్న. 2018 పరీక్షల గురించి మీరు రాసింది చదివి నేనూ వెతికాను. అమ్మాయి వెనుక మనకు నేడు కనిపించే నలుపు మొదట నలుపు కాదనీ, వెర్మీర్ అక్కడ ముదురు ఆకుపచ్చ తెర వేశాడనీ, కనురెప్పలకు సన్నని వెంట్రుకలు కూడా ఉండేవనీ అందులో ఉంది. అలాంటప్పుడు నేను నేడు కనిపిస్తున్నదాన్ని వేయాలా, లేక ఆయన వేసినదాన్ని వేయాలా?

జవాబు: తైలవర్ణం (విశాఖపట్నం)

చాలా మంచి ప్రశ్న అడిగారు. మీరు చదివింది నిజమే. నల్లని కింది పొర మీద నీలిమందు నీలం, వెల్డ్ అనే మొక్క నుండి తీసిన పసుపు కలిపిన ఆకుపచ్చ గ్లేజ్‌ను ఆయన పూశాడు. ఆ మొక్కల రంగులు కాలక్రమంలో వెలిసిపోయి, తెర మడతలు మాసిపోయాయి.

పెద్ద కాన్వాసు మీద నేడు కనిపిస్తున్నదానినే వేయమని నా సలహా. నేర్చుకునే దశలో మీరు వేసిన ప్రతి వన్నెనూ ఎదురుగా ఉన్న వన్నెతో పోల్చి, తప్పో ఒప్పో తేల్చుకోగలగాలి. మాసిపోయిన తెర ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు కాబట్టి, దానిని ఊహించి వేస్తే పోల్చుకునే ఆధారం పోతుంది. పైగా చెంప నీడ ఎంత ముదురుగా ఉండాలన్నది దాని వెనుకనున్న నలుపును బట్టే నిర్ణయమవుతుంది. వెనుకభాగాన్ని మారిస్తే ముఖంలోని నీడలన్నిటినీ మార్చుకోవలసి వస్తుంది. కనురెప్పల వెంట్రుకలు కూడా పరికరాల సాయంతో బయటపడినవే గనుక వాటినీ వదిలేయండి.

అయితే ఆ నలుపును ట్యూబులోని నలుపుగా వేయకండి. అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన ముదురు వన్నె వేసి, పూర్తిగా ఆరాక, విరిడియన్ అనే ఆకుపచ్చలో కొద్దిగా ఇండియన్ యెల్లో అనే పసుపు కలిపి లిన్సీడ్ ఆయిల్‌తో పలుచన చేసిన గ్లేజ్‌ను మెత్తని కుంచెతో దాని మీద పూయండి. అది పచ్చగా కనిపించదు, కానీ నలుపుకు ఒక లోతు వస్తుంది, దాని ముందు చర్మపు ఎరుపు వెచ్చగా నిలబడుతుంది. పూసే ముందు ఇదే మిశ్రమాన్ని వేరొక బోర్డు ముక్క మీద ఒక పొర, రెండు పొరలు, మూడు పొరలుగా వేసి ఆరబెట్టి చూసుకోండి. ఎన్ని పొరలకు ఆగాలో ఆ ముక్కను కాన్వాసు పక్కన పట్టుకున్నప్పుడు తెలుస్తుంది.